ఊటనీళ్లలోకి దిగేముందు... ఒంటికి సరిపోయే సూటేది?

బావినీళ్లు ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటాయని మనందరికీ తెలిసిందే. మే నెల మిట్టమధ్యాహ్నం చేదతో తోడిన నీళ్లు ముఖాన చల్లుకుంటే ప్రాణం లేచొస్తుంది. అవే నీళ్లు పుష్యమాసం తెల్లవారుజామున గోరువెచ్చగా తగులుతాయి. నిజానికి మారింది నీళ్లు కాదు, చుట్టూ ఉన్న గాలి! భూమి లోపలి నీరు ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడికి దగ్గరగా, ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటుంది. మన హుజూర్‌నగర్ వైపు, అంటే పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, అది సుమారు 27, 28 డిగ్రీలు. నంద్యాల దగ్గరి మహానంది కోనేరు చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అడుగున గుండుసూది పడినా కనిపించేంత తేటగా ఏడాదంతా ఊరుతూనే ఉంటుంది ఆ నీరు.

సరే, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో కూడా ఇలాంటి ఊటలే ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, వెయ్యికి పైగా! అవీ అద్దంలా తేటగా ఉంటాయి. కానీ అక్కడి సగటు వేడి మనకంటే తక్కువ. అందుకే ఆ ఊటల్లో నీళ్లు ఏడాది పొడుగునా 20 నుంచి 23 డిగ్రీల మధ్య ఉంటాయి. ఈ అయిదారు డిగ్రీల తేడా దగ్గరే వస్తుంది ఇవాళ్టి మన కథ.

“హుజూర్‌నగర్‌లో కూర్చుని ఫ్లోరిడా నీళ్ల గొడవ మనకెందుకమ్మా?” అంటారా? మన వీధుల్లో కొడుకో, కూతురో, మేనకోడలో అమెరికాలో ఉన్న ఇళ్లు ఎన్ని లేవు! ఉద్యోగంలో కుదురుకున్నాక, చదువు మధ్యలో సెలవులు దొరికాక, పిల్లలు నాలుగు ఊళ్లు చూడాలనుకుంటారు. ఊటల్లో ఈదాలనీ, గాలి సిలిండర్ తగిలించుకుని లోపలికి డైవింగ్ చేయాలనీ సరదా పడతారు. ఆ వయసుకు అది సహజమే. కానీ పైచదువులకు వెళ్లిన మన పిల్లలు సరస్సుల్లో, జలపాతాల దగ్గర మునిగిపోయారన్న వార్తలు కూడా తరచూ చదువుతున్నాం. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. “నీళ్ల దగ్గరికి పోవద్దు బిడ్డా” అంటే వింటారా? వినరు. అదే, “ఆ నీళ్లు ఎంత చల్లగుంటయి? ఏం తొడుక్కుంటున్నవ్?” అని అడిగితే ఆగి ఆలోచిస్తారు. అలా అడగాలంటే ముందు మనకు కొంత తెలిసి ఉండాలి కదా!

రజాయి లెక్కే... కాకపోతే నీళ్లలో!

ఒకే వేడి ఉన్న గాలిలోనూ నీటిలోనూ మన ఒళ్లు ఒకేలా చల్లబడదు. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. గాలి 27 డిగ్రీలుంటే హాయిగా కూర్చుంటాం. నీళ్లు అదే 27 డిగ్రీలున్నా, అరగంట ఈదిన పిల్లల పెదాలు నీలంగా మారి పళ్లు టకటకలాడడం మనం చూస్తూనే ఉంటాం. కదలకుండా నీళ్లలో ఉండే మనిషికి చలి వేయకూడదంటే ఆ నీళ్లు సుమారు 33, 34 డిగ్రీలుండాలి. అంతకంటే చల్లని నీళ్లన్నీ మన ఒంటి వేడిని మెల్లమెల్లగా తాగేసేవే. 22 డిగ్రీల ఊటలో గంటసేపు ఉండాలంటే ఒట్టి ఈత దుస్తులు చాలవు.

అందుకోసం వచ్చిందే వెట్‌సూట్. మెడ నుంచి చీలమండల దాకా ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరు తొడుగు. దీన్ని నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరును 1930లో డ్యుపాంట్ కంపెనీ శాస్త్రవేత్తలు తయారుచేశారు. ఇడ్లీని విరిస్తే లోపల గుల్లగుల్లగా కనిపిస్తుంది చూడండి, నియోప్రీన్ నురగ కూడా అలాగే ఉంటుంది. కాకపోతే ఆ గుల్లలు ఒకదానితో ఒకటి కలవవు. ఒక్కో గుల్లలో కొంచెం గాలి బందీ అయి ఉంటుంది. రజాయిలో దూది మధ్య చిక్కుకున్న గాలి మనల్ని వెచ్చగా ఉంచినట్టే, ఈ గుల్లల్లో గాలి ఒంటి వేడిని బయటకు పోనివ్వదు.

దీని వెనుక ఒక చక్కని ఆలోచన ఉంది. అంతకుముందు, నీళ్లలోకి దిగే మనిషి ఒళ్లు తడవకూడదనే అందరూ అనుకునేవారు. నీరు చొరని రబ్బరు సూటు వేసి, లోపల ఉన్ని బట్టలు తొడిగేవారు. ఎక్కడైనా చిరిగి నీళ్లు దూరాయో, ఇక అంతే సంగతులు! 1952 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్ని తిరగేసి ఆలోచించారు. ఒళ్లు తడిస్తే తడవనీ, వేడి పోకుండా చూస్తే చాలన్నారు. సూటులోకి కొంచెం నీరు వస్తుంది. పల్చని పొరలా ఒంటికీ రబ్బరుకూ మధ్య నిలుస్తుంది. మన ఒంటి వేడికి కాస్త వెచ్చబడుతుంది. ఆ నీరు కదలకుండా అక్కడే ఉన్నంతసేపూ చలి ఆగుతుంది. అది బయటకు పోయి కొత్త చల్లనీళ్లు లోపలికి వచ్చాయంటే వెచ్చదనమంతా మళ్లీ మొదటికే!

ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సూటు ఎంపిక సగం వచ్చేసినట్టే. ఎంత మందం, ఏ కంపెనీ, ఏ రంగు అన్నవన్నీ తర్వాత. ముందు చూడాల్సింది, లోపలి నీళ్లు కదలకుండా ఒంటికి పట్టి ఉంటుందా లేదా అని.

ఎంత చలికి ఎంత మందం?

వెట్‌సూట్ మందాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. “3/2” అని రాసి ఉంటే ఛాతీ, వీపు దగ్గర 3, చేతులు, కాళ్ల దగ్గర 2 మిల్లీమీటర్లని అర్థం. సుమారుగా ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

నీళ్లు 27 డిగ్రీలు, ఆపైన ఉంటే పొడుగు చేతుల లైక్రా సూటు చాలు. చలి తట్టుకోలేనివాళ్లు మోకాళ్ల పైదాకా ఉండే పల్చని వెట్‌సూట్ వేసుకోవచ్చు.

24 నుంచి 27 డిగ్రీలైతే ఒళ్లంతా కప్పే 3 మిల్లీమీటర్ల సూటు.

20 నుంచి 24 డిగ్రీలైతే 5 మిల్లీమీటర్లది. ఫ్లోరిడా ఊటలు ఈ లెక్కలోకే వస్తాయి. పది నిమిషాలు మునిగి లేచేవాళ్లకు 3 మిల్లీమీటర్లు సరిపోవచ్చు. సిలిండర్‌తో లోపల తిరిగేవాళ్లకు మాత్రం చాలదు.

15 నుంచి 20 డిగ్రీలైతే 7 మిల్లీమీటర్లది, దానికి తోడు తలకు హుడ్, చేతులకు గ్లౌజులు, కాళ్లకు బూట్లు.

అంతకంటే చల్లగా ఉంటే వెట్‌సూట్‌ను పక్కన పెట్టేయాల్సిందే. నీరు లోపలికి రాని డ్రైసూట్ కావాలి. దాన్ని వాడడం విడిగా నేర్చుకోవాలి. ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రా అనే ఊటచీలికలో నీళ్లు 2 నుంచి 4 డిగ్రీలే ఉంటాయి. అక్కడ ఎక్కువగా ఇవే తొడుగుతారు.

ఈ లెక్క అందరికీ ఒకేలా వర్తించదు. సన్నగా ఉన్నవాళ్లకూ, చిన్నపిల్లలకూ చలి త్వరగా ఎక్కుతుంది. వాళ్లకు ఒక మెట్టు మందంది తీసుకోవాలి. ఇంకో కిటుకు ఉంది. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి పెరిగి రబ్బరులోని గుల్లలు అణిగిపోతాయి. 10 మీటర్ల లోతులో వాటిలోని గాలి సగానికి కుదించుకుపోతుంది. పొంగిన పిండి అణిగినట్టన్నమాట! ఒడ్డున వెచ్చగా ఉన్న సూటు లోపల పల్చబడిపోతుంది.

“ఆ ఫ్లోరిడాలోనే ఆడవాళ్లు సూటు లేకుండా మత్స్యకన్యల ఆట ఆడతారట కదా!” అని ఎవరైనా అనవచ్చు. నిజమే. వీకీ వాచీ అనే ఊటలో 1947 నుంచి ఆ ప్రదర్శన జరుగుతోంది. చేపతోక తొడుక్కున్న అమ్మాయిలు గొట్టంతో గాలి పీల్చుకుంటూ 23 డిగ్రీల నీళ్లలో నవ్వుతూ ఆడతారు. కానీ వాళ్లు ఆ నీళ్లకు అలవాటుపడి, శిక్షణ పొందినవాళ్లు. సెలవులకు వెళ్లిన మన పిల్లలకు వాళ్లతో పోలిక వద్దు.

“పెరిగే పిల్ల కదా” అనకండి!

మనకో అలవాటుంది. బడి డ్రెస్సు కుట్టించినా, పండక్కి పరికిణీ కొన్నా, “పెరిగే పిల్ల కదా, రెండేళ్లు రావాలి” అని ఒక సైజు పెద్దదే తీసుకుంటాం. లోపలికి మడిచి కుట్టేస్తాం. గృహిణికి అది మంచి పొదుపే. వెట్‌సూట్ విషయంలో మాత్రం ఆ పొదుపు పనికిరాదు. వదులు సూటులో చల్లనీళ్లు ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు నుంచి పోతూనే ఉంటాయి. ఎంత మందం ఉన్నా ఒళ్లు చల్లబడుతూనే ఉంటుంది. పెద్ద సైజు 7 మిల్లీమీటర్ల సూటు కంటే ఒంటికి సరిగ్గా పట్టిన 5 మిల్లీమీటర్ల సూటే నయం. ఎదిగే పిల్లలకు కొనేకంటే అద్దెకు తీసుకోవడమే మేలు.

అలాగని మరీ బిగుతుగానూ ఉండకూడదు. ఊపిరి నిండుగా తీసుకోలేకపోతే, మెడ దగ్గర నొక్కేసినట్టుండి తల తిరిగితే ఆ సూటు వద్దు. మెడలో రక్తనాళాలు నొక్కుకుంటే నీళ్లలో కళ్లు తిరిగే ప్రమాదం ఉంది.

కొనే ముందు ఇంట్లోనే దర్జీ టేపుతో కొలతలు రాసుకోండి. ఎత్తు, బరువు, ఛాతీ, నడుము, తుంటి, మెడ చుట్టుకొలత. రవికకు కొలతలు ఇచ్చేటప్పటిలా ఒక వేలు వదులు పెట్టకండి, ఉన్నది ఉన్నట్టే రాయండి. ఒక కంపెనీ ‘మీడియం’ ఇంకో కంపెనీకి ‘స్మాల్’ కావచ్చు. అందుకని అక్షరం చూసి కాదు, ఆ కంపెనీ ఇచ్చే కొలతల పట్టీ చూసి ఎంచుకోవాలి. ఆడవాళ్లకు ఆడవాళ్ల సూటే తీసుకోవాలి. మగవాళ్ల సూటు తుంటి దగ్గర పట్టేసి, నడుము దగ్గర గుల్లగా నిలుస్తుంది. ఆ గుల్లలోనే నీళ్లు చేరతాయి.

వేసుకున్నాక నాలుగు చోట్ల చెయ్యి పెట్టి చూడాలి. నడుము వెనక గుంటలో, చంకల్లో, మెడ చుట్టూ, మోకాలి వెనక. ఎక్కడైనా రబ్బరు పిడికెడు పైకి లేస్తే అక్కడ వదులుందన్నమాట. తర్వాత చేతులు పైకెత్తి చూడండి, పీట మీద కూర్చున్నట్టు కూర్చుని లేవండి, ఇల్లు తుడిచేటప్పటిలా ముందుకు వంగండి. ఒళ్లు కదులుతుంటే సూటూ కదలాలి. పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగుతుగా అనిపించడం మంచిదే. తడిశాక కొంచెం సాగుతుంది.

కుట్లు కూడా చూడండి. పైనుంచి కింద దాకా దారం అటూఇటూ కనిపించే చదును కుట్టు వెచ్చని నీళ్లకు ఫరవాలేదు. ఆ సూది రంధ్రాల్లోంచి నీళ్లు ఊరుతాయి. చల్లని నీళ్లకైతే అంచులు జిగురుతో అతికించి, సూది రెండో వైపుకు రాకుండా కుట్టినవి తీసుకోవాలి. ఊటల అడుగున సున్నపురాయి గరుకుగా ఉంటుంది కనుక మోకాళ్ల దగ్గర అదనపు పట్టీ ఉన్నది మేలు. మేళ్లచెరువు వైపు రాయి చూసిన మనకు సున్నపురాయి గరుకుదనం ఒకరు చెప్పాలా!

అద్దె సూటయితే తిరగేసి చూడాలి. మోకాళ్లు, కుట్లు, జిప్పు, మెడపట్టీ పరీక్షించాలి. తొక్కిన చోట పల్చబడిపోయి, నొక్కితే మళ్లీ పైకి లేవని సూటు పాతబడిందని లెక్క.

తొడుక్కోవడంలో కిటుకులు

మొదటిసారి వెట్‌సూట్ తొడుక్కోవడం ఒక యుద్ధమే! తడి కాలికి బిగుతు చుడీదార్ ఎక్కించినట్టుంటుంది. కంగారుపడి గోళ్లతో లాగితే రబ్బరు చిరుగుతుంది. గోళ్లు కత్తిరించుకుని, వేళ్ల మెత్తని భాగంతోనే పట్టుకోవాలి. పాదానికి పల్చని ప్లాస్టిక్ కవరు తొడిగి సూటు కాలులో దూరిస్తే సర్రున జారిపోతుంది. తర్వాత కవరు తీసేయాలి. చేతులకూ ఇదే కిటుకు. కింద నుంచి కొంచెం కొంచెంగా పైకి లాక్కుంటూ రావాలి. తుంటి దాకా సరిగ్గా ఎక్కకముందే పైభాగం లాగితే భుజాల దగ్గర పట్టేస్తుంది. వీపు మీద జిప్పున్న సూటుకు పొడుగాటి తాడు ఉంటుంది, ఒంటరిగానైనా లాక్కోవచ్చు.

లోపల ఏం వేసుకోవాలి? ఈత దుస్తులు మాత్రమే. నూలు బనీనూ, లంగా వద్దు. మడతలు పడి ఆ దారిన నీళ్లు పోతాయి.

ఇక మన గాజులు, ఉంగరాలు, మట్టెలు! రబ్బరును ముందుగా చింపేవి ఇవే. పైగా చల్లనీళ్లలో వేళ్లు కొంచెం సన్నబడి ఉంగరాలు జారిపోతాయి. అన్నీ తీసి ఇంట్లో భద్రం చేసి వెళ్లడం మంచిది. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే గొలుసు మెడపట్టీ కింద ఇరుక్కుని ఒరుసుకోకుండా, చదునుగా లోపలికి ఉండేలా చూసుకోండి. జుట్టు బిగించి జడ వేయాలి. కొప్పు పెడితే హుడ్ సరిగా కూర్చోదు. నుదుటి మీద ఒక్క వెంట్రుక మాస్కు కింద చిక్కుకున్నా నీళ్లు లోపలికి ఊరుతూనే ఉంటాయి.

సూటు చేయలేని పని

ఇక్కడే ఒక గట్టి మాట చెప్పాలి. సూటు చలిని ఆపుతుంది కానీ ఈత నేర్పదు. గుల్లల్లో గాలి ఉంది కనుక సూటు కొంచెం తేల్చే మాట నిజమే. అంతమాత్రాన అది లైఫ్‌జాకెట్ కాదు. స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని నీటి పైన నిలిపే శక్తి దానికి లేదు.

సూటు తేల్చేస్తుంది కనుకే డైవింగ్ చేసేవాళ్లు నడుముకు సీసం బరువులు కట్టుకుంటారు. ఆ బరువు మంచినీటిలో ఒక రకం, సముద్రంలో ఒక రకం. ఉప్పునీరు సుమారు 2.5 శాతం బరువెక్కువ కనుక ఎక్కువ తేలుస్తుంది. సామానుతో కలిపి 80 కిలోలున్న మనిషికి, సముద్రంలో కట్టుకున్న దానికంటే ఊటలో దాదాపు 2 కిలోల సీసం తగ్గించాలి. అండమాన్‌లో నేర్చుకుని, అదే బరువుతో ఊటలో దిగితే అడుగుకు లాగేస్తుంది. “మంచినీళ్లకు బరువు మళ్లీ సరిచూశారా?” అని అడగాల్సిన ప్రశ్న ఇది.

ఫ్లోరిడా ఊటల్లో చాలావాటి అడుగున గుహలున్నాయి. తేటగా ఉన్న నీళ్లు పిలుస్తున్నట్టే ఉంటాయి. లోపల ఒక్కసారి బురద లేచిందంటే దారి కనిపించదు, పైన నేరుగా గాలిలోకి తేలే వీలూ ఉండదు. అనుభవమున్న డైవర్లు కూడా అక్కడ చనిపోయారు. అందుకే ఎన్నో గుహల ముఖద్వారం దగ్గర నీళ్లలోనే మృత్యువు బొమ్మతో హెచ్చరిక పలకలు పాతారు. గుహ డైవింగ్‌కు విడిగా శిక్షణ పొందనివాళ్లు ఆ పలక దాటకూడదు. ఎంత మంచి సూటు వేసుకున్నా సరే!

ఇంకో మాట. 15 డిగ్రీలకంటే చల్లని సరస్సులో ఉన్నట్టుండి దూకితే మొదటి నిమిషంలోనే మనిషి గుప్పున గాలి పీలుస్తాడు. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే నీళ్లే మింగుతాడు. గజ ఈతగాళ్లు కూడా ఇలాగే మునుగుతారు. బయట ఎండ కాస్తోంది కదా అని నీళ్లూ వెచ్చగా ఉంటాయనుకోవద్దు. దూకకుండా మెల్లగా దిగాలి, ఊపిరి కుదుటపడ్డాకే ఈదాలి.

వణుకు ఆగకపోయినా, మాట తడబడుతున్నా, చేతివేళ్లు మొద్దుబారి జిప్పు కూడా లాగలేకపోయినా ఇక నీళ్లలో ఉండకూడదు. ఒంటి వేడి 35 డిగ్రీలకు దిగితే అది ప్రాణాపాయానికి మొదటి మెట్టు. తడి బట్టలు తీసి, పొడిగా తుడిచి, దుప్పట్లు కప్పి, మెలకువగా ఉంటే వెచ్చని తీపి పానీయం ఇవ్వాలి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు, మద్యం ఇవ్వకూడదు. వెంటనే వైద్యసాయం పిలవాలి.

ఉతుకు, ఆరవేత... ఇది మన శాఖే!

సూటు పాడయ్యేది ఎక్కువగా నీళ్లలో కాదు, ఇంటికొచ్చాకే. వాషింగ్ మెషిన్ వద్దు, వేడినీళ్లు వద్దు, పిండడం వద్దు, ఇస్త్రీ అసలే వద్దు. లోపలి వైపు బయటకు తిప్పి, చల్లని మంచినీళ్లలో ముంచి, వాసన ఉంటే పసిపిల్లల షాంపూ రెండు చుక్కలు వేసి తేలిగ్గా జాడించాలి. మన డాబా మీద ఎండలో ఆరేస్తే రబ్బరు పెళుసెక్కి పగుళ్లు వస్తాయి. నీడలో, గాలి తగిలేచోట, వెడల్పాటి హ్యాంగరు మీద ఆరవేయాలి. సన్నతీగ హ్యాంగరైతే భుజాలు సాగిపోతాయి. మడిచి పెట్టెలో పెడితే మడత పడ్డ చోట గుల్లలు నలిగి ఇక వెచ్చదనం ఇవ్వవు. ఒక ఊటలో తడిసిన సూటును బాగా కడిగి ఆరబెట్టాకే ఇంకో ఊటలోకి దిగాలి. ఒకచోటి నాచు, పురుగు ఇంకోచోటికి మోసుకుపోకుండా ఉంటుంది.

మరి మన ఆడపిల్లలకు?

మన బావులకూ, కోనేళ్లకూ, చైత్రపౌర్ణమి జాతరకు జనం వెళ్లే నల్లమల సలేశ్వరం గుండానికీ వెట్‌సూట్ అక్కర్లేదు. కానీ సూటు నేర్పిన సూత్రం ఇక్కడా పనికొస్తుంది. నీళ్లలో బట్ట ఒంటిని అంటిపెట్టుకుని ఉండాలి. వదులుగా ఉంటే శత్రువే. చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి, నైటీ గొడుగులా పైకి లేస్తుంది, చున్నీ మెడకు పడుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ గట్టున బట్టలుతికే చోట కాలు జారితే, ప్రవాహంతో పాటు ఒంటిమీది బట్ట కూడా లాగుతుంది. 

అదే చీర ఒంటి మీది నుంచి తీసి విసిరితే తాడవుతుంది! 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై దగ్గర నలుగురు యువకులు మునిగిపోతుంటే, ఒడ్డునున్న ముగ్గురు ఆడవాళ్లు తమ చీరలు విసిరి ఇద్దరిని బయటకు లాగారు. నీళ్లలోకి దూకకుండా ఒడ్డు నుంచి ఏదో ఒకటి అందించడమే సరైన పద్ధతి.

ఆడపిల్లకు ఈత నేర్పించడానికి చాలా ఇళ్లలో అడ్డొచ్చేది బట్టలే. “ఆ బట్టలేసుకుని నలుగురిలో ఎట్లా?” అంటాం. పొడుగు చేతులు, చీలమండల దాకా కాళ్లు ఉన్న లైక్రా ఈత సూట్లు ఇప్పుడు హైదరాబాద్‌లో సులువుగా దొరుకుతున్నాయి. ఒళ్లు నిండుగా కప్పుతాయి, ఒంటికి పట్టి ఉంటాయి, ఎండకు చర్మం కమలదు. రంగు మాత్రం నారింజో, ముదురు పసుపో తీసుకోండి. నీలం, తెలుపు, ఆకుపచ్చ నీళ్లలో కలిసిపోతాయి. పిల్ల మునిగితే కనిపించదు. సొరబుర్రో, బెండో కట్టినా పెద్దవాళ్లు చేయి అందేంత దూరంలోనే ఉండాలి. పారే కాలువలో మాత్రం నేర్పించొద్దు.

“ఇంకా ఈ వయసులో మాకెందుకు?” అనకండి. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని ఈదారు. కూతుళ్ల పురుళ్లకని అమెరికా వెళ్లే అమ్మలు, మనవలతో ఊట ఒడ్డున కూర్చోవాల్సిన రోజూ వస్తుంది. అప్పుడు భయంతో చూడడమా, తెలిసి చూడడమా అన్నది మన చేతుల్లోనే ఉంది.

పిల్లలు నీళ్లకు వెళ్తున్నామని ఫోన్ చేస్తే ఈ నాలుగు అడగండి. నీళ్లు ఎన్ని డిగ్రీలు? సూటు వేసుకుని వంగి చూశావా, నడుము దగ్గర వదులుందా? శిక్షణ ఎక్కడిదాకా అయింది, గుహ పలక దాటబోవుగా? పక్కన తోడుగా ఎవరున్నారు? నాలుగింటికీ తడుముకోకుండా జవాబొస్తే “పోయి రా బిడ్డా” అనండి. ఒక్కదానికి నసిగినా, “ఈసారికి ఒడ్డునే కూర్చో” అని గట్టిగా చెప్పండి!